పెద్దబిళ్ల

రింగుల డబ్బా పోయిన రోజు పొద్దుటినుంచీ వాన. స్టోరక్క గొడుగు ముడిచి గుమ్మం పక్కన ఆనించి, తడిసిన చెప్పులు విదిలించుకుని, అలవాటుగా కిటికీ బయటున్న చిన్న సామాన్ల ర్యాకు వైపు చూసింది. నిన్న సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు మూడో అరలో నల్ల రబ్బరు రింగుల డబ్బా నిండుగా ఉంది. ఇప్పుడు లేదు. అది ఇన్నాళ్లూ కూర్చున్న మేర దుమ్ము పట్టని చదరం మాత్రం ఉంది.

అవి వేడినీళ్ల పంపుల్లో వేసే రింగులు. పంపు ఒంటికీ మూతకీ మధ్య ఆ రింగు కూర్చుంటేనే నీళ్లు కారకుండా ఉంటాయి. ఎక్కడో దూరాన తయారై రావాలి కాబట్టి అడిగిన వెంటనే దొరకవు. పోయింది ఆఖరి డబ్బా. మళ్లీ సరుకు వచ్చేదాకా ఆ పంపుల కంపెనీలో వేడినీళ్ల పంపు ఒక్కటి కూడా మూత బిగించుకోదు.

ఎవరు తీశారో ఇదివరకైతే ఆమె కంప్యూటరు తెర చూడనక్కర్లేకుండా చెప్పేది. అప్పట్లో బిళ్లల పద్ధతి ఉండేది. ప్రతి పనివాడికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఒకటి. బిళ్ల తెచ్చి కిటికీలో పెడితే స్టోరక్క దాన్ని కొక్కేనికి తగిలించి సామాను ఇచ్చేది. పంపులు బిగించే హాలుకి మాత్రం ఒక పెద్దబిళ్ల ఉండేది, అరచేతంత. అది మేస్త్రి కుర్చీ వెనక మేకుకి వేలాడేది. మేస్త్రి ఎవరి చేతికిచ్చి పంపినా, ఆ బిళ్ల వస్తే ఎంత, ఎందుకు అన్న ప్రశ్న ఉండేది కాదు.

ఆ మేస్త్రి ఆమె భర్త. అందరూ పెద్దమేస్త్రి అనేవాళ్లు. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం, పని మధ్యలో, మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాచి, దాన్ని అందుకోలేదు.

తర్వాత కొత్త సిస్టమ్ వచ్చింది. దాన్ని ఈఆర్పీ అంటారని మేనేజరు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. కొనేది, తయారుచేసేది, అమ్మేది, జీతాలు, సెలవులు అన్నీ ఒకే చోట కనబడతాయన్నాడు. అందరి మనసులోనూ ఒకటే మాట మెదిలింది: కనబడేది ఎవరికి? దాన్ని బిగించడానికి వచ్చిన కుర్రాడికి మేనేజరు తన గదిలో బల్ల వేయించాడు, ఫ్యాను తిప్పించాడు, అడక్కుండా టీ తెప్పించాడు. "కొత్తల్లుడికి కూడా ఇంత జరగదు" అన్నాడు హాల్లో ఉండే ముసలి ఫిట్టరు. నోరు మూతపడని మనిషి కనక ఆ ఫిట్టర్ని రేడియో అంటారు. రేడియో అన్నది ఊరికే పోదు. ఆ పూట నుంచి ఆ కుర్రాడు అల్లుడుగారైపోయాడు.

చిన్న సామాన్ల కోసం కిటికీ దగ్గర వరస ఎందుకని ర్యాకుని బయట పెట్టించింది అల్లుడుగారే. పక్కనే ఒక తెర. నంబరు కొట్టి, కావలసింది ఎవరికి వాళ్లు తీసుకోవచ్చు; మేస్త్రి హోదా లేనివాళ్లు మాత్రం ముందు తెర మీద అర్జీ పెట్టాలి.

స్టోరక్క అతన్ని పిలిచింది. అతను తెర ముందు కూర్చుని నాలుగు మీటలు నొక్కాడు.

"ఇదిగో మేడమ్. పొద్దున షిఫ్టు మొదలవగానే ఏడో నంబరాయన డబ్బా మొత్తం తీసుకున్నారు. ఏ పంపు కోసమో రాయలేదు." ఇంకా కిందికి జరిపాడు. "ఇది మొదటిసారి కూడా కాదు. ఇంతకుముందు డబ్బాలు కూడా ఈయనే... మేస్త్రి హోదా ఉంది కదా, అందుకని సిస్టమ్ ఆపలేదు. ఓసారి పిలిపించండి, అడుగుదాం."

స్టోరక్క నంబరు పక్కనున్న పేరు చదివింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి, పెట్టుకుని, మళ్లీ చదివింది.

"పిలిస్తే వచ్చే మనిషి కాదు బాబూ."

"సెలవులో ఉన్నారా?"

"పోయారు. మా ఆయనే."

అల్లుడుగారు మీటల మీంచి చెయ్యి తీసేశాడు. వాన చప్పుడు రేకుల మీద పెద్దదైంది.

*

మేనేజరు ఆమెని కూర్చోమన్నాడు. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆమెని కూర్చోమనడం అదే మొదలు. ఆ మర్యాదే ఆమెకి నచ్చలేదు.

"చూడండమ్మా, సిస్టమ్ మొదలుపెట్టే ముందు సరుకంతా లెక్క చూశాం. మీకు గుర్తుందిగా. అప్పుడూ ఈ రింగులే తగ్గాయి. ఏళ్ల తరబడి తగ్గుతూ వస్తున్నాయి. పాత పద్ధతి, పాత పొరపాటు అని నేనే సర్దేశాను." కలం మూత తీసి పెట్టాడు. "ఇప్పుడు మళ్లీ అవే రింగులు. అదీ ఆయన నంబరు మీద."

"ఆయన లేరు కదా సార్."

"అదే నేనూ అంటున్నది. ఆయన లేరు, ఆయన నంబరు తిరుగుతోంది. శుక్రవారం హెడ్డాఫీసు నుంచి తనిఖీవాళ్లు వస్తున్నారు. వాళ్లకేం చెప్పను? చనిపోయినాయన వచ్చి పట్టుకెళ్లాడని చెప్పనా? వాళ్లే ఒకటి రాసుకుంటారు. బతికుండగా ఆయన తీసేవాడు, ఆ దారి తెలిసినవాళ్లెవరో ఇప్పుడూ తీస్తున్నారు అని."

"దారి తెలిసినవాళ్లంటే ఎవరు సార్?"

"నేను ఎవరి పేరూ అనలేదమ్మా. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనెంత?"

ఆమె లేచింది. కుర్చీని బల్ల కిందికి సర్దింది. దొంగ అన్న మాట ఇంట్లో తిరుగుతుందని, వీధిలో తిరుగుతుందని ఆమె భయపడలేదు. అది ఆ హాల్లో తిరుగుతుందని భయపడింది. ఆయన దగ్గర మొదటిసారి స్పానరు పట్టుకున్నవాళ్లు ఉన్న హాలు అది. శుక్రవారం కాగితం మీద ఎవరో రెండు ముక్కలు రాసి సంతకం పెడితే, ఆయన వచ్చి కాదనలేడు.

"శుక్రవారం లోపల నేను చెప్తాను సార్" అంది.

మేనేజరు తలూపాడు. నమ్మినట్టు కాదు, విన్నట్టు.

*

ఆమె మరిది ఒంటరివాడు. ఉండేది వీధి చివర అద్దెగదిలోనైనా రాత్రి భోజనం వదిన ఇంట్లోనే. అన్న పోయాక హాలు అతని చేతికి వచ్చింది. ఇంకా ఖాయం చేయలేదు కాబట్టి చిన్నమేస్త్రి అంటున్నారు. ఆ సాయంత్రం అతను కొంచెం ఆలస్యంగా వచ్చాడు. చేతిసంచి గుమ్మం లోపల దించితే లోపల ఇనుప చప్పుడైంది. స్టోరక్క సంచి వైపు చూసింది. నిన్నటిదాకా ఆ సంచి ఆమె కంట పడేదే కాదు.

అత్తగారు పప్పులో రాళ్లు ఏరుతూ తలెత్తింది.

"ఏమ్మా, వచ్చిందగ్గర్నుంచీ మూగనోము పట్టావు?"

"స్టోరులో రింగులు పోయాయి అత్తయ్యా."

"ఎవరు తీశారు?"

"ఎవరూ తీయలేదట."

"అంతేలే. అందరూ శాకాహారులే, మరి రొయ్యల బుట్ట ఏమైనట్టు?"

మరిది నవ్వలేదు. మామూలుగా అయితే తల్లి మాటకి ముందు నవ్వేది అతనే.

స్టోరక్క కూర వడ్డిస్తూ, చేతిలోని గరిటెనే చూస్తూ అంది. "ఏడో నంబరు మీద తీశారట."

అతని చేతిలో ముద్ద కంచానికీ నోటికీ మధ్య ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత నోట్లోకి వెళ్లింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో ఆమె అంతవరకు చూడలేదు.

"మీ అన్నయ్య బిళ్ల నిజంగానే పోయిందా?"

ఆయన పోయిన నెలకి, ఇక బిళ్లలు తీసేస్తారనగా, ఆమె ఆ పెద్దబిళ్ల అడిగింది. కళ్లద్దాల జోడు, చేతి గడియారం పెట్టిన సొరుగులో దాన్ని కూడా పెట్టుకుందామనుకుంది. పోయిందన్నాడు మరిది. అప్పుడు ఇంకేమీ అడిగే ఓపిక లేక ఊరుకుంది.

"పోయిందని చెప్పానుగా వదినా."

"ఎక్కడ పోయింది?"

"పోయినదాన్ని ఎక్కడ పోయిందంటే ఏం చెప్తాం? ఎక్కడో తెలిస్తే పోయినట్టెలా అవుతుంది?"

"పాస్‌వర్డో ఏదో ఉంటుందట. అది నీకు తెలుసా?"

"అన్నయ్యకి పాస్‌వర్డేంటి వదినా? సిస్టమ్ వచ్చేసరికి అన్నయ్య లేడు కదా."

ఆ మాట నిజమే. అయినా అది ఆమె అడిగినదానికి జవాబు కాదు.

అతను చెయ్యి కడుక్కుని, సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు. అత్తగారు తలుపు వైపే చూస్తూ ఉంది.

"నీళ్లు తాగకుండా లేచాడు, చూశావా?"

"చూశాను."

"చిన్నప్పుడూ అంతే. అబద్ధమాడిన రోజు గొంతులోకి నీళ్లు దిగేవి కావు వాడికి."

"మీ కొడుకే కదా అత్తయ్యా."

"నా కొడుకే. అందుకే తెలుసంటున్నాను." ఆవిడ రాయి ఒకటి ఏరి కిటికీలోంచి విసిరేసింది. "పెద్దవాడు అబద్ధమాడితే మాత్రం చెంబెడు తాగేవాడు. ఎప్పుడాడాడో నాకూ తెలిసేది కాదు."

ఆ మాట స్టోరక్కని వదల్లేదు. అనుమానం మరిది దగ్గర ఆగుతుందనుకుంది. అది అతన్ని దాటి ముందుకి వెళ్లింది. ఇన్నేళ్లూ పెద్దబిళ్ల వచ్చినప్పుడల్లా డబ్బాలు తీసి ఇచ్చింది తన చేతులే. ఒకసారి, ఇన్ని రింగులెందుకని ఇంట్లో అడిగింది కూడా. "ఒకటి పంపుకి, ఒకటి నా నిద్రకి" అన్నాడాయన. హాస్యమనుకుని నవ్వింది. ఆ తర్వాత చెంబెడు నీళ్లు తాగాడా? ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు.

*

మర్నాడు ఆమె కిటికీ దగ్గర నుంచి కదలలేదు. అక్కడి నుంచి హాలు సగం కనబడుతుంది. మరిది తెర ముందు నిలబడి మీటలు నొక్కుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్లీ నొక్కుతున్నాడు. అతని వెనక మూత బిగించని పంపులు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"ఏమంటోంది?" రేడియో గొంతు.

"అర్జీ అందిందట. ఆమోదం కోసం ఆగమంటోంది."

"ఆగుదాం. ఇదివరకు బిళ్ల పడేస్తే సామాను వచ్చేది. ఇప్పుడు అర్జీ మేనేజరుగారి ఫోన్లోకి వెళ్లాలి, ఆయన మీటింగులోంచి బయటికి రావాలి, ఫోను చూడాలి, చూశాక మనసు పుట్టాలి."

"బోల్టుకి కూడానా?" ఎవరో అడిగారు.

"బోల్టు మీద మనసు పుట్టడం ఇంకా కష్టంరా."

నవ్వులు. స్టోరక్క హాల్లోకి రెండడుగులు వేసేసరికి ఆ నవ్వులు తెగిపోయాయి. ఒకడు తల వంచి నేల మీది గుడ్డ తీశాడు. ఇంకొకడు పైకి చూసి వాన తగ్గిందా అన్నాడు. నిన్నటిదాకా ఆమె వస్తే కుర్చీ జరిపేవాళ్లు. వీళ్లందరికీ తెలుసు, తనకొక్కదానికే తెలియదు అనిపించింది. లేదా తననే అనుమానిస్తున్నారు. ఆయన పోతే ఆయన నంబరు ఇంకెవరి దగ్గరుంటుంది, భార్య దగ్గర కాక?

వెనక్కి తిరిగి నేరుగా అల్లుడుగారి బల్ల దగ్గరికి వెళ్లింది. దారిలో ఇంకో అనుమానం పుట్టింది. ఈ కుర్రాడే ఏదో పరీక్ష కోసం ఆ నంబరు వాడుతున్నాడేమో. వచ్చినవాడు, పోయేవాడు. ఎవరి పేరు ఏమైతే అతనికేం?

"ఏడో నంబరు నీ సిస్టమ్‌లోకి ఎలా వచ్చింది బాబూ?"

"నా అంతట నేను పెట్టలేదు మేడమ్." అతను వెంటనే నిటారుగా కూర్చున్నాడు. అతన్ని కూడా ఎవరో ఏదో అన్నారని ఆ కూర్చోవడంలోనే తెలిసింది. "బిళ్లలు తీసేసిన రోజు గుర్తుందా? అందరూ వచ్చి బుట్టలో వేశారు. ఒక్కో బిళ్ల చూసి ఒక్కో నంబరు ఎక్కించాను. పేర్లు ఆఫీసు రికార్డులోంచి వాటంతటవే వచ్చాయి."

"బుట్ట నా దగ్గరే ఉంది. అందులో ఏడో నంబరు లేదు."

"బుట్టలో వేయలేదు మేడమ్. చూపించి మళ్లీ తీసుకెళ్లిపోయారు. మిగతావాటికంటే పెద్దది, ఇంత."

"ఎవరు?"

"చిన్నమేస్త్రిగారు. ఇది హాలుది, దీన్ని కూడా ఎక్కించండి అన్నారు."

"హాలుది అన్నాడా?"

"అవును. నాకు సరిగ్గా అర్థం కాలేదు. సిస్టమ్‌లో హాలుకి నంబరు ఉండదు మేడమ్, మనిషికే ఉంటుంది. ఏడు కొట్టాను, ఒక పేరు వచ్చింది, ఎక్కించాను."

"ఆ పేరు ఎవరిదని అడగాలనిపించలేదా?"

"అప్పటికి మీరంతా నాకు నంబర్లే కదా మేడమ్." అనేశాక అతని చెవులు ఎర్రబడ్డాయి. "అంటే... అప్పుడే వచ్చాను కదా, అందుకని."

"పాస్‌వర్డు?"

"మొదట అందరికీ వాళ్ల నంబరే పాస్‌వర్డుగా పెట్టి, మార్చుకోమన్నాను. ఏడోది ఎవరూ మార్చలేదు."

"అంటే ఎవరైనా కొట్టొచ్చు."

"ఏడు అంకె తెలిసిన ఎవరైనా" అన్నాడు అల్లుడుగారు.

*

ఆమె భోజనం వేళ దాకా ఆగింది. హాల్లో మరిది, రేడియో, ఇంకో ఇద్దరు ముగ్గురు టిఫిను డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. ఆమె అతని ముందు నిలబడి చెయ్యి చాచింది.

"బిళ్ల ఇలా ఇవ్వు."

అతను ఆమె మొహం చూశాడు. ఏ బిళ్ల అని అడగలేదు. లేచి, పనిముట్ల పెట్టె తెరిచి, అడుగునుంచి గుడ్డలో చుట్టినది తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇత్తడి అరిగి, మధ్యలో ఏడు అంకె సగం మాసిపోయి ఉంది.

"పోయిందన్నావు."

"ఇచ్చేస్తే సిస్టమ్‌లో ఎక్కించడానికి బిళ్ల ఉండదు, పని ఆగిపోతుంది. ఇవ్వనంటే మీరు బాధపడతారు. పోయిందన్నాను."

"రింగులు ఏం చేశావు?"

"వేశాం."

"ఎక్కడ?"

"పంపుల్లోనే అమ్మా" అన్నాడు రేడియో, నోట్లో ముద్దతోనే. "ఇంకెక్కడ వేస్తాం, చెవులకి పెట్టుకుంటామా?"

"నువ్వు నోర్ముయ్" అన్నాడు మరిది. బిగించి పెట్టిన పంపు ఒకటి దగ్గరికి లాగాడు. స్పానరుతో బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు, మూత ఎత్తాడు. గాడిలో నల్ల రింగు కూర్చుని ఉంది. మూతని తిరగేసి చూపించాడు. దాని లోపలి అంచున, పంపు డ్రాయింగులో లేని చోట, ఇంకొక రింగు.

"అన్నయ్య రెండు వేసేవాడు. మేమూ రెండే వేస్తాం. సిస్టమ్ పంపుకి ఒకటే అంటోంది. రెండోది అడిగితే అర్జీ పెట్టమంటోంది, అర్జీ పెడితే కారణం రాయమంటోంది. ఏం రాయను? అన్నయ్య వేసేవాడని రాయనా? దానికి నేనింకా ఫిట్టర్నే వదినా. ఏడు కొడితే మాత్రం మాట్లాడకుండా ఇచ్చేస్తుంది."

"రెండోది ఎందుకు?"

"ఒకప్పుడు కారేవట."

"ఇప్పుడు కారుతున్నాయా?"

అతను రేడియో వైపు చూశాడు. రేడియో మొదటిసారి మాట కోసం వెతుక్కున్నాడు. "ఒకటే వేసి ఎప్పుడూ పంపలేదమ్మా. ఎలా తెలుస్తుంది?"

స్టోరక్క రెండో రింగుని వేలితో తాకింది. చల్లగా, నూనెగా ఉంది. ఒకటి పంపుకి, ఒకటి నా నిద్రకి.

"తీసినప్పుడల్లా ఆ తెర మీద మీ అన్నయ్య పేరు వస్తుంది. నీకేమీ అనిపించలేదా?"

"పేరు చూడలేదు వదినా. ఏడు చూశాను." అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఆ నంబరు అన్నయ్యది కాదు. హాలుది. అన్నయ్యకి ముందు ముసలి మేస్త్రి కుర్చీ వెనక ఉండేది. ఆయనకి ముందు ఇంకెవరి దగ్గర ఉండేదో. కుర్చీలో ఎవరున్నా బిళ్ల అదే."

ఆమె చేతిలో బిళ్ల బరువుగానే ఉంది. ఏడాదిగా సొరుగులో దానికి చోటు ఉంచింది, అది ఆయనదనుకుని. ఇతనేమో దాన్ని దాచింది అది ఆయనది కాదని. అయినా నమ్మడం అంత తేలిక కాలేదు. ఒకే మాట అల్లుకోవడానికి వీళ్లకి ఒక రాత్రంతా దొరికింది. ఆమె వెళ్లి అల్లుడుగారిని పిలుచుకొచ్చింది.

"ఈ సిస్టమ్ పెట్టాక బిగించిన వేడినీళ్ల పంపులెన్ని, వాడిన రింగులెన్ని, రెండూ పక్కపక్కన చూపించగలవా?"

చూపించాడు. పంపుకి ఒకటి చొప్పున అర్జీల మీద వెళ్లాయి. పంపుకి ఒకటి చొప్పున ఏడో నంబరు మీద వెళ్లాయి. చివరికి ఒక్కటి మిగిలింది, దేనికీ చేరకుండా.

"ఈ ఒక్కటి?" అంది స్టోరక్క.

రేడియో టిఫిను డబ్బా మూత శ్రద్ధగా బిగిస్తున్నాడు.

"మా ఇంట్లో నీళ్ల డ్రమ్ము మూత సరిగ్గా పట్టట్లేదు" అన్నాడు చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "రేపు తెచ్చేస్తాను."

ఆ ఒక్క మాటతో ఆమెకి మిగతాదంతా నమ్మబుద్ధయింది.

*

మేనేజరుకి నమ్మబుద్ధి కాలేదు.

"అందరూ ఒకే మాట మీద ఉన్నారంటేనే నాకు అనుమానమమ్మా."

"అయితే పెట్టెల్లో సర్దేసిన పంపులు మీకు నచ్చినవి మీరే విప్పించండి సార్."

అతను నిజంగానే వెళ్లి, బయటికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నవాటిలో అట్టడుగున ఉన్నవి వేలు పెట్టి చూపించాడు. మేకులు పీకి, మూతలు ఎత్తారు. అన్నిట్లోనూ రెండేసి. మేనేజరు మొహంలో ఒక అనుమానం దిగి ఇంకో అనుమానం ఎక్కింది.

"డ్రాయింగులో లేనిది మన పంపుల్లో ఇన్నేళ్లు ఎలా వెళ్లింది? ఎవరి అనుమతి?"

"ఎవరి అనుమతీ లేదు సార్."

"అది చిన్న తప్పు కాదమ్మా."

"తప్పేనని రాయండి. ఎవర్నీ అడక్కుండా వేశాడని రాయండి. వేయాల్సిన అవసరమే లేదని తేలితే అది కూడా రాయండి." ఆమె గొంతు పెరగలేదు. "తీసుకెళ్లాడని మాత్రం రాయకండి."

మేనేజరు కలం మూత తీసి, కాగితం ఒకటి ముందుకి లాక్కున్నాడు.

శుక్రవారం తనిఖీవాళ్లు వచ్చారు. తెర చూశారు, విప్పిన మూత చూశారు, టీ తాగారు. రింగుల తరుగు తయారీలోనే వాడకమైందని, అనుమతి లేని మార్పని రాసి వెళ్లారు. దొంగతనమన్న మాట అందులో లేదు. స్టోరక్క ఆ వాక్యం రెండుసార్లు చదివి కాగితం తిరిగిచ్చేసింది.

తర్వాతి వారంలో మరిదికి అతని సొంత నంబరు మీదే మేస్త్రి హోదా ఇచ్చారు. రెండో రింగు కావాలో అక్కర్లేదో తేల్చమని డ్రాయింగు సెక్షనుకి పంపారు. ఆ జవాబు వచ్చేదాకా పంపుకి రెండు అని అల్లుడుగారు సిస్టమ్‌లో మార్చాడు. కొత్త డబ్బాలు వచ్చాయి. రేడియో తన ఇంటి రింగుని కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి తెచ్చిచ్చాడు. దాన్ని ఏ అరలో పెట్టాలో సిస్టమ్‌లో దారి లేక, అది స్టోరక్క బల్ల మీద కాగితాల మీద బరువుగా ఉండిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె మరిదితో చెప్పేసింది.

"నిన్ను దొంగనుకున్నాను."

"తెలుసు వదినా. ఆ పూట కాసిని నీళ్లు తాగి లేచి ఉంటే సరిపోయేది." తల్లి వైపు చూశాడు. "అమ్మ చెప్పింది."

"నేనేం చెప్పలేదు" అంది అత్తగారు. ఆవిడ పెద్దబిళ్లని ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో అంకెని తడుముతోంది. "ఇంతేనా ఇది? ఇంకా పెద్దదనుకున్నాను. ఇదిగో, సొరుగులో పెట్టుకుంటావా, హాల్లో తగిలిస్తావా?"

"హాల్లోనే ఉండనివ్వండి అత్తయ్యా."

మర్నాడు అది మేస్త్రి కుర్చీ వెనక మేకుకి వెళ్లింది. ఇప్పుడు దానితో స్టోరులో ఏదీ రాదు.

అల్లుడుగారి పని అయిపోయింది. వెళ్లే రోజు బల్ల ఖాళీ చేసి, స్టోరు దగ్గరికి వచ్చి ఆమె తెర మీద ఒక చోటు చూపించాడు.

"ఇది ఒక్కటి మీరు చేయాలి మేడమ్. ఏడో నంబరు మూసెయ్యాలి. కారణం అడుగుతుంది, ఇక్కడ ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవడమే. చిన్న పని. కావాలంటే నేనుండగానే..."

"నేను చేస్తాలే బాబూ. బండికి ఆలస్యమవుతుంది, వెళ్లు."

అతను వెళ్లాడు. ఆమె పాస్‌వర్డు మాత్రం మార్చింది, ఇంకెవరూ కొట్టకుండా.

రోజూ పొద్దున తెర తెరవగానే, వాడకంలో లేని నంబర్లు మూయమని సిస్టమ్ ఒక గుర్తు చూపిస్తుంది. అక్కడ ఒక్కటే నంబరు, దాని పక్కన ఒక్కటే పేరు ఉంటుంది. ఆమె దాన్ని చదివి, పక్కకి జరిపి, ఆ రోజు అర్జీలు తెరుస్తుంది.

డ్రాయింగు సెక్షను నుంచి జవాబు ఇంకా రాలేదు. ఏడో నంబరు ఇంకా మూయలేదు.